ఎడమ జేబులో చెయ్యి

పోయిన వారం మన ఇంజినీరుని బడి గేటు ఎదుట, చంకలో కాగితాల అట్టతో నిలబెట్టి వచ్చాం. రోడ్ల శాఖ ఆమెను మూడు పొద్దుల పని మీద అక్కడికి పంపింది. ఎన్ని బళ్ళు పోతున్నాయి, ఎంతమంది పిల్లలు దాటుతున్నారు, బోర్డు పట్టుకుని నిలబడే మనిషిని తీసేసి మీట నొక్కితే వెలిగే దీపాలు పెడితే సరిపోతుందా అన్నది ఆమె తేల్చాలి. అది ఆమె చదువుకున్న బడే. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట, తొమ్మిదేళ్ళ వయసులో, అక్కడే ఆమె ఒక అబద్ధం ఆడింది. పిల్లల్ని దాటించే నడిరోడ్డు తాత ఇంకా చెయ్యి ఊపకుండానే, ఆరేళ్ళ తమ్ముడి చెయ్యి పట్టుకుని రోడ్డు మీదికి దిగింది. స్కూటరు తగిలి తమ్ముడి మోకాలు విరిగింది. పెద్ద టీచరు గదిలో అడిగితే, "తాతే రమ్మని చెయ్యి ఊపాడు" అంది. ఆ ఒక్క మాటతో ఆయన బోర్డు దించేశాడు. ఇప్పుడు ఆ బోర్డు ఎత్తుతున్నది ఆయన కూతురు, పిల్లల నోట్లో బోర్డక్క. "నాన్న ఇంకా ఉన్నాడు మేడమ్. ఇవాళ పనయ్యాక మా ఇంటికి రండి, పాత పిల్లలు కనిపిస్తే ఆయనకి పండగే" అని ఆమె పిలిచింది. ఇంజినీరు ఈ బడిలో చదివిందని తప్ప, ఆనాటి ఆ పిల్ల ఈమేనన్న సంగతి బోర్డక్కకి తెలియదు.

ఇంజినీరు "వస్తాను" అంది. అన్న మరుక్షణం నాలుక్కరుచుకుంది.

ఈలోగా బడి వేళ దగ్గరపడి పిల్లలు గుంపులుగా వచ్చేశారు. బోర్డక్క పసుపు కోటు గుండీలు పెట్టుకుని, గుండ్రటి బోర్డు ఎత్తుకుని, పిల్లలకన్నా ముందు తను రోడ్డు మీదికి దిగింది. నడిమికి వెళ్ళి అటు చూసింది, ఇటు చూసింది. బళ్ళు ఆగాయా లేదా అన్నది కాదు ఆమె చూస్తున్నది. బండి నడిపే మనిషి తనను చూశాడా లేదా అని చూస్తోంది. ఆగిన బండి మళ్ళీ కదలొచ్చు. కళ్ళు కలిపిన మనిషి అంత తొందరగా కదలడు. ఇరువైపులా ఆ కళ్ళు దొరికాక, అప్పుడు గొంతెత్తి, "ఇక రండి!" అంది.

అంచుకి ఒక అడుగు వెనక ఆగి ఉన్న పిల్లలు కాలవ గట్టు తెంచుకున్నట్టు కదిలారు.

"బోర్డక్కా, వీడు నా కాలు తొక్కాడు!"

"అవతలికి వెళ్ళాక నువ్వూ తొక్కు. రోడ్డు మీద తొక్కుళ్ళు లేవు."

మోటారు సైకిలు మీద ఒకాయన హారను మోగించాడు. "ఎంతసేపమ్మా ఇంకా?"

"చిన్నప్పుడు మిమ్మల్ని దాటించినంతసేపే అన్నా!"

పక్క బండివాడు పకపకా నవ్వాడు. హారను ఆగిపోయింది.

ఆఖరి పిల్లకి చెప్పు జారితే వెనక్కి తిరిగి తొడుక్కునేదాకా బోర్డు దిగలేదు. అంతా అయ్యేసరికి గాలికి బోర్డక్క జుట్టు కళ్ళలో పడింది. ఆమె పెదవి వంచి ఉఫ్ ఉఫ్ అని ఊదుకుందే గాని, ఎడమ చెయ్యి కోటు జేబులోంచి తీయలేదు. మొదటి రోజు నుంచీ ఇంజినీరు అది చూస్తూనే ఉంది. ఇవాళ అడిగేసింది.

"ఆ చేతికి ఏమైనా అయిందా?"

"ఏం కాలేదు. రోడ్డు మీద ఉన్నంతసేపూ అది జేబులోనే ఉండాలి. నాన్న పెట్టిన పద్ధతి." బోర్డక్క నవ్వింది. "ఆయన నోటితోనే వినండి. నేను చెబితే సగం మింగేశావంటాడు."

తొమ్మిదిన్నరకి ఇద్దరూ బయల్దేరారు. బడి గోడ పక్కనుంచి వెళ్ళే సందు ఇరుకైపోయిందా, లేక తను పెద్దదైపోయిందా అన్నది ఇంజినీరుకి అర్థం కాలేదు. గోడ మీద ఎక్కడో ఒక మూల రాయి ఊడి, చిన్న గూడులా ఉండేది. అందులో బలపాలు దాచేవాళ్ళు. ఇప్పుడా గోడకి నున్నటి సున్నం. అయినా వేళ్ళు తమంత తామే ఆ ఎత్తున గోడని రాసుకుంటూ పోయాయి.

ఆ రోజుల్లో పొద్దున్న అంటే నడిరోడ్డు తాతే. అప్పటికి ఆయనకి యాభై ఏళ్ళు. "నేనింకా తాతని కాలేదురా, అన్నయ్యా అనండి" అని బతిమాలేవాడు. ఎవరు వింటారు? ఆయన మాత్రం తక్కువా, ప్రతి పిల్లకీ ఒక పేరు తగిలించేవాడు. జారుడు సంచి. రెండు ముక్కులు. ఇవాళా ఆలస్యమే. ఆమె పేరు తొందరపిల్ల. తమ్ముడి పేరు తోక, అక్కని వదలడు కాబట్టి. వాన పడితే పిల్లలందరి గొడుగులూ దాటేదాకా తను తడుస్తూ నిలబడి, నడిరోడ్డు మీద ఏడో ఎక్కం అడిగేవాడు. ఎక్కం రాకపోయినా దాటించేవాడు. "ఏడు ఎనిమిదులు రేపు దాటిద్దాంలే" అనేవాడు. ఆయన చెయ్యి ఎడమవైపు నుంచి ఒక విసురుగా గాలిలో వంగి వచ్చేది, తలుపు తీసినట్టు. ఆ చెయ్యి ఊగితే చాలు, ఎదుట లారీ ఉన్నా ఏనుగున్నా ఆమెకి లెక్కుండేది కాదు. తరవాత జీవితంలో ఆమె చాలామందిని నమ్మింది. అంత ఆలోచన లేకుండా నమ్మిన మనిషి ఇంకొకరు లేరు.

ఆ నమ్మకాన్నే ఆమె పెద్ద టీచరు బల్ల మీద పెట్టి అమ్మేసింది. తమ్ముడి మీద దెబ్బ పడినందుకు కాదు ఆ వేళ ఆమె వణికింది, తన మీద పడబోయే దెబ్బకి. తొమ్మిదేళ్ళ పిల్ల భయపడటం తప్పు కాదని చదువుకున్న బుర్ర ఎన్నోసార్లు తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు లోపలి మనిషికి ఎప్పుడూ చేరలేదు.

ఇల్లు సైకిళ్ళు బాగుచేసే దుకాణం మీద, రెండు గదులు. మెట్లెక్కుతుండగానే బోర్డక్క చెప్పింది, "నాన్న బోర్డు దించేసినా, ఆ పనిలో కొత్తగా చేరినవాళ్ళని ఆఫీసువాళ్ళు ఇప్పటికీ ముందు మా ఇంటికే పంపిస్తారు మేడమ్. గదిలో కుర్చీలన్నీ అడ్డదిడ్డంగా పెట్టి, ఇవి లారీలు, ఇవి బస్సులు అంటాడు. అమ్మ ఉన్నన్నాళ్ళూ కూర్చోడానికి ఒక్క బస్సయినా వదలవయ్యా అని పోట్లాడేది."

కిటికీ పక్క కుర్చీలో నడిరోడ్డు తాత కూర్చుని ఉన్నాడు. ఎనభై దాటాయి. భుజాలు కుంగాయి గాని మెడ అలాగే ఉంది, దూరంనుంచి వచ్చే బండి కోసం కాస్త సాచినట్టు. ఎడమ చెయ్యి చొక్కా పక్కజేబులో ఉంది. ఇంట్లో కూడా.

"నాన్నా, మన బడిలో చదివిన మేడమ్. ఇప్పుడు రోడ్ల ఇంజినీరు."

తాత ఆమె ముఖం చూడలేదు. కాళ్ళు చూశాడు. గడప దాటి నాలుగడుగులు వేసేదాకా చూశాడు.

"గడప మీద కాలు పెట్టకుండా దూకింది," అన్నాడు. "తొందరపిల్ల."

ఇంజినీరు తల ఊపింది.

"అయ్యో, మీకు ముందే తెలుసా ఒకరికొకరు!" అంటూ బోర్డక్క మురిసిపోయి టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. తొందరపిల్ల అన్న పేరు ఆమె ఎన్నడూ విననట్టుంది. తాత ఇంట్లో ఆ పేరు తలిచి ఉండడు.

"తోక ఎలా ఉన్నాడు?" అన్నాడు తాత.

"బాగున్నాడు. కొంచెం కుంటుతాడు. వాడికి ఇద్దరు పిల్లలు."

"వాళ్ళు రోడ్డు దాటేటప్పుడు వాడే దాటిస్తాడా?"

"వాడే. ఎవరినీ నమ్మడు."

తాత తల పంకించాడు. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలినట్టు ఆయన కనురెప్పలు వాలాయి. ఇంజినీరు అది చూసింది. ఇక ఆలస్యం చేస్తే మెట్లు దిగిపోతానని ఆమెకి తెలుసు. కుర్చీ ముందుకి జరుపుకుంది.

"తాతా, ఆ రోజు మీరు చెయ్యి ఊపలేదు."

"ఊపానమ్మా."

"లేదు. మీరు అవతలి పక్క పాల వ్యానుని ఆపుతున్నారు. వీపు మా వైపు ఉంది. గంట కొట్టేశారని నాకు తొందర. నేనే దిగాను. వాణ్ణి నేనే లాగాను. పెద్ద టీచరు అడిగినప్పుడు మీ మీద పెట్టేశాను. అబద్ధం చెప్పాను తాతా."

చెప్పేసింది. ముప్పై ఒక్క ఏళ్ళు మోసినది చెప్పడానికి ఊపిరి రెండుసార్లు తీసుకునేంత సమయం పట్టింది. ఈ ఘట్టాన్ని ఆమె తన లోపల ఎన్నోసార్లు ఆడించుకుంది. ఒకదానిలో ఆయన కేకలేసేవాడు. ఒకదానిలో తల నిమిరేవాడు. ఇంకోదానిలో ఆయన ఎప్పుడో పోయి ఉండేవాడు, ఆమె తలుపు దగ్గరే ఆగిపోయేది. నిజం చెప్పాలంటే అన్నిటికన్నా ఎక్కువసార్లు ఆడించుకున్నది అదే.

తాత మెల్లగా నవ్వాడు, ఎక్కం తప్పు చెప్పిన పిల్లని చూసి నవ్వినట్టు.

"చూడు తల్లీ. పూటకి మూడొందలసార్లు ఊపేవాణ్ణి ఈ చేతిని. అది నన్నడిగి ఊగేదా? పెద్ద టీచరమ్మ అడిగినప్పుడు నేను నిజంగానే లోపల వెతుక్కున్నాను. ఊపానా, ఊపలేదా? ఎంత వెతికినా ఊపిన చెయ్యే దొరికింది. ఊపని రోజంటూ ఉంటేగా దొరకడానికి! ఎదురుగా నువ్వు ఎక్కిళ్ళు పెడుతున్నావు. అంతలేసి ఏడుపు ఏడుస్తూ పిల్ల అబద్ధం ఆడుతుందా అనుకున్నాను."

"ఆడుతుంది తాతా."

"వ్యానుకి చెయ్యి అడ్డం పెట్టాను. అది నీకు రమ్మన్నట్టు కనబడింది. అంతే జరిగింది. మనం పిల్లల కోసం ఊపితే బండివాడు తనకే అనుకుంటాడు, బండివాడికి ఊపితే పిల్లలు తమకే అనుకుంటారు. అందుకే ఆ తరవాత నా దగ్గర నేర్చుకున్న వాళ్ళందరికీ ఒకటే చెప్పాను. ఎడమ చెయ్యి జేబులో. పిలిస్తే నోటితో పిలువు. నలభైమందికి నేర్పాను. ఒక్కళ్ళ చేతుల మీదుగా ఒక్క పిల్లకి గీత పడలేదు." ఆయన గొంతులో గర్వం కాదు, వేడుకోలు ఉంది. "ఊపబట్టే కదమ్మా నేను అది తెలుసుకున్నది."

ఆయన దగ్గర తీసుకున్నది తిరిగి ఇచ్చెయ్యడానికి వచ్చింది ఇంజినీరు. ఆయన అది తనదే కాదంటున్నాడు. తను పారేసిన అబద్ధాన్ని ఏరుకుని, దాని మీద ఒక ఇల్లు కట్టుకుని, నలభైమందిని అందులోకి పిలిచాడు ఈయన. ఇప్పుడు కింది రాయి లాగితే? చెప్పి తేలికపడాలనుకోవడం కూడా ఒక తొందరేనా? ఆనాడు తమ్ముణ్ణి లాక్కుని దిగినట్టే ఈయన్నీ లాక్కుని దిగిందా తను, అవతల ఏం వస్తోందో చూడకుండా?

"ఇంకొక్కసారి చెప్పు."

ఆ మాట అన్నది తాత కాదు. వంటగది గుమ్మంలో బోర్డక్క నిలబడి ఉంది. చేతిలో మూడు గ్లాసుల పళ్ళెం. మేడమ్ అన్న పిలుపు ఎక్కడో జారిపోయింది.

"నువ్వేనా ఆ పిల్లవి?"

"నేనే."

"నాకప్పుడు పదమూడేళ్ళు. ఎక్కడికెళ్ళినా, పిల్లాణ్ణి బండి కింద పడేసినాయన కూతురొచ్చిందనేవాళ్ళు. నేను బడి మారాను. అమ్మ కొళాయి దగ్గరికి పొద్దున ఎవరూ లేవకముందే వెళ్ళొచ్చేది. అదంతా పోనీ." ఆమె పళ్ళెం కింద పెట్టింది. గ్లాసులు గలగలమన్నాయి. "నా పెళ్ళప్పుడు నన్ను బండెక్కించి ఈ మనిషి ఇలాగే నిలబడ్డాడు, జేబులో చెయ్యి పెట్టుకుని. నేను ఊపాను. మా ఆయన ఊపాడు. వీధి వీధంతా ఊపింది. ఈయన ఊపలేదు. నా కొడుకు నెలల పిల్లాడప్పుడు వెళ్ళొస్తా తాతా అని వాడి చెయ్యి పట్టి ఊపిస్తే, దానికీ ఊపలేదు. కోపమనుకున్నాను. ఇష్టం లేదనుకున్నాను. ముప్పై ఏళ్ళు మా నాన్న ఎవరికీ చెయ్యి ఊపలేదు తెలుసా నీకు? అదెందుకో నాకు ఇవాళ తెలిసింది. ఊరికే. నీకు తొందరైందని."

"అమ్మాయ్," అన్నాడు తాత.

"నువ్వు ఊరుకో నాన్నా! ఎవరేమంటే దానికల్లా అవునండీ అనే నోరు నీది. తప్పు నీది కాదని నీ ఎదురుగా కూర్చుని చెబుతుంటే అదీ ఒప్పుకోవు!"

ఇంజినీరు లేచి నిలబడింది. "నన్ను తిట్టండి. పెద్ద ఆఫీసులో రాసిస్తాను, జరిగింది జరిగినట్టు. బడిలో పెద్ద టీచరు ఎవరున్నా వాళ్ళ ముందు చెబుతాను. దీపాల సంగతి కాదు నేను అనేది. ఆయన పేరు మీద ఉన్న ఆ మాట చెరపాలి."

"చెరిపితే ఏం మిగులుతుంది?" అన్నాడు తాత.

కింద దుకాణంలో ఎవరో చక్రం తిప్పి వదిలారు. అది చాలాసేపు తిరిగి, తిరిగి, ఆగింది. తాత ఆ చప్పుడు ఆఖరిదాకా విన్నాడు. ఆయన ముఖంలో అంతదాకా ఉన్న ఆ మొండితనం కొంచెం కొంచెంగా వదిలింది. దాని వెనక ముఖం అలసిపోయి ఉంది. అది యాభై ఏళ్ళ ముఖం. పెద్ద టీచరు గదిలో ఆమె చూసీ చూడనట్టు వదిలేసిన ముఖం.

"ఆ గదిలోంచి బయటికొచ్చాక," అన్నాడు నెమ్మదిగా, "బోర్డు స్టోర్ గదిలో ఆనించి, చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ఊపలేదేమో అని ఒక్కసారి అనిపించింది. ఒక్కసారే. అలా అనుకుంటే పిల్ల అబద్ధాలకోరు అవుతుంది. నేను ఊపాననుకుంటే ఒక ముసలాడి పొరపాటుతో పోతుంది. తేలికైనదే ఎంచుకున్నాననుకున్నాను." ఆయన కూతురి వైపు చూశాడు. "నీకు బరువవుతుందని తోచలేదు అమ్మాయ్. నీ వైపు చూడనే లేదు నేను."

బోర్డక్క పమిట చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఒత్తుకుని, కోపం ఇంకా పూర్తిగా తీరలేదన్నట్టు ఒక గ్లాసు తీసి ఇంజినీరు ముందు ఠక్కుమని పెట్టింది. "చల్లారిపోతుంది. తాగు."

అది క్షమించడం కాదు. వెళ్ళిపొమ్మనడమూ కాదు. ఇంజినీరు రెండు చేతులతో గ్లాసు పట్టుకుంది. వేడి అరచేతులకి తెలిసింది. లోపల ఎన్నో ఏళ్ళుగా బిగించిపెట్టుకున్న ఏదో ఒకటి, ఏమిటో ఇంకా పేరు తెలియనిది, వదులవుతోంది. తొమ్మిదేళ్ళ పిల్ల ఎక్కడో లోపల ఏడుపు ఆపి తలెత్తి చూస్తోంది.

"ఇద్దరూ ఒకటే మాట అంటుంటే ఇక నేను నమ్మాలేమో," అన్నాడు తాత.

"ఇద్దరెవరు తాతా? మీ అమ్మాయి అప్పుడు అక్కడ లేదుగా."

"మా అమ్మాయి కాదు. పోయిన వానల్లో ఒకావిడ వచ్చింది. నువ్వు కూర్చున్న కుర్చీలోనే కూర్చుంది. 'నువ్వు చెయ్యి ఊపలేదన్నయ్యా, నేను చూశాను' అంది. మీ అమ్మ నన్ను ఓదార్చడానికి చెబుతోందనుకుని అప్పుడు నేను నమ్మలేదు."

గ్లాసు కింద పెట్టబోయిన ఇంజినీరు చెయ్యి అలాగే ఉండిపోయింది.

"అమ్మా? అమ్మ అక్కడెందుకుంటుంది? ఆ పూట అమ్మకి ఆస్పత్రిలో డ్యూటీ. తమ్ముడికి దెబ్బ తగిలిందని కబురు పంపితే వచ్చింది."

"కబురు వెళ్ళకముందే వచ్చింది. నేను వాణ్ణి ఎత్తుకుని లేచేసరికి నా చేతుల్లోంచి లాక్కుంది ఆవిడే. ఆ గందరగోళంలో ఎక్కణ్ణుంచి వచ్చిందని ఎవరూ అడగలేదు." తాత ఆగి ఊపిరి తీసుకున్నాడు. "రోడ్డుకి అవతల, బస్సు ఆగేచోట నిలబడి ఉందట. ఆవిణ్ణి తోక ముందు చూశాడట. నువ్వు వాణ్ణి లాగలేదు తల్లీ. అమ్మా అని వాడే నిన్ను లాగాడు. ఆవిడ కళ్ళతో చూసింది."

ఇంజినీరు తన కుడిచెయ్యి వైపు చూసుకుంది, ఎవరిదో చెయ్యి చూసినట్టు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ చెయ్యే లాగిందని ఆమెకి తెలుసు. అంత బాగా తెలిసింది, ఎవరు చెబితే తెలిసింది?

"అమ్మ మమ్మల్ని చూసి చెయ్యి ఊపిందా? రమ్మని?"

తాత కూతురి ముఖం చూశాడు. చెప్పమన్నట్టు ఆమె తల ఊపింది.

"ఊపింది. రమ్మని కాదమ్మా, వెళ్ళిపోతున్నానని," అన్నాడు. "ఆవిడ చేతిలో బట్టల పెట్టె ఉంది. ఎక్కాల్సిన బస్సు అప్పటికే వచ్చి ఆగింది."